మీ ఊరి హైస్కూల్ చరిత్ర రాయాలంటే: ఒక గుమాస్తా చెప్పే పద్ధతి

మొన్న సంక్రాంతికి ముందు ఒకబ్బాయి ఫోన్ చేశాడు. అబ్బాయంటే నలభై అయిదేళ్ళవాడు, తొంభై ఆరు బ్యాచి. "మేడంగారూ, 2027కి మన హైస్కూల్‌కి డెబ్భై అయిదేళ్ళు. ప్లాటినం జూబ్లీ పెడుతున్నాం. సావనీర్‌లో బడి చరిత్ర మీరే రాయాలి. ఎక్కువొద్దు, రెండు పేజీలు చాలు. హెడ్మాస్టర్ల లిస్టు, ఫస్టు వచ్చినవాళ్ళ లిస్టు, దాతల ఫోటోలు మా దగ్గరున్నాయి" అన్నాడు.

"డెబ్భై అయిదు ఎప్పుడో దాటిపోయింది బాబూ" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. ఫ్లెక్సీకి అడ్వాన్సు ఇచ్చేసినట్టున్నాడు.

నేను టీచర్ని కాదు. 1989లో మా ఆయన పోయాక కారుణ్య నియామకం కింద రికార్డ్ అసిస్టెంట్‌గా చేరాను. 2021లో సీనియర్ అసిస్టెంట్‌గా దిగిపోయాను. మధ్యలో రెండు బదిలీలు తప్ప సర్వీసంతా ఒకే బడి, ఒకే ఆఫీసు గది. గౌతమికీ వైనతేయకీ మధ్య ఊరు మాది. పేరు చెప్పను, చెబితే రేపు పొద్దున్నే నలుగురు మా అరుగు మీద కూర్చుంటారు. పద్ధతి మాత్రం చెబుతాను. కోనసీమలోనే కాదు, అటు భీమవరం, నరసాపురం వైపు ఏ జిల్లా పరిషత్ హైస్కూల్‌కైనా పనికొస్తుంది.

రాతి మీది ఏడు నమ్మకండి

మా బడి వరండాలో శిలాఫలకం ఉంది. 1952 అని చెక్కి ఉంటుంది. ఆ లెక్కనే 2002లో స్వర్ణోత్సవం చేశారు. ఆహ్వానపత్రం టైపు కొట్టింది నేనే. రాయి చూసి కొట్టాను, రిజిస్టర్ చూడలేదు. ఆఫీసులో కూర్చుని ఆ పని చేసినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగేళ్ళ తర్వాత పాత అడ్మిషన్ రిజిస్టర్లు బైండింగుకి ఇవ్వాలని తీశాను. మా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పాతది రెండో సంపుటం. అది 1951 జూన్‌లో మొదలైంది. మొదటి వరుసలో నంబరు 613. అంటే పుట్టడానికి ఏడాది ముందే ఆరువందల పన్నెండు మందిని చేర్చుకున్న బడి అన్నమాట మాది!

ఎక్కడైనా ఇదే తంతు. రాతి మీద ఉండేది బిల్డింగు కట్టిన ఏడో, మంత్రిగారు వచ్చిన ఏడో అవుతుంది. బడి అంతకుముందు ఎవరి సావిట్లోనో, సత్రంలోనో, తాటాకు పాకలోనో నడిచి ఉంటుంది. అందుకని మీరు మొట్టమొదట చేయాల్సిన పని ఒకటే. ఉన్నవాటిలో అతి పాత అడ్మిషన్ రిజిస్టర్ తీసి, అందులో మొదటి నంబరూ తేదీ చూడండి. నంబరు ఒకటి కాకపోతే మీ బడి వయసు మీరనుకున్నదానికంటే ఎక్కువ.

ఎంత ఎక్కువో ఎలా తెలుస్తుంది? తర్వాతి పదేళ్ళలో ఏడాదికి సగటున ఎంతమంది చేరారో లెక్కేసి వెనక్కి భాగించండి. మాకు ఏడాదికి అరవై చిల్లర వచ్చింది. ఆరువందల పన్నెండుని అరవైతో భాగిస్తే పదేళ్ళు, అంటే 1941 ప్రాంతం. ఇది వట్టి అంచనా. దీన్ని నిలబెట్టింది ఒక ట్రంకుపెట్టె.

2009లో మా వీధి చివర ఒక తాతగారు, అప్పటికి ఎనభైకి దగ్గర, పెట్టె అడుగు నుంచి తన ఎస్సెల్సీ బుక్కు తీసి చూపించారు. ఇప్పటి పిల్లలకి తెలియదు గానీ మద్రాసు రోజుల్లో ఎస్సెల్సీ అంటే సర్టిఫికెట్ కాగితం ఒక్కటే కాదు, చిన్న పుస్తకం. మార్కులు, పుట్టుమచ్చలు, హెడ్మాస్టరు సంతకం అన్నీ అందులోనే. దానిమీద 1947 ఉంది, మా బడి ముద్ర ఉంది. "మాదే తొలి బ్యాచమ్మా. మేం ఏడాదికో ఫారం ఎక్కుతుంటే మాతోపాటు బడీ ఎక్కేది. మా పైన ఎవరూ లేరు, అందుకే మమ్మల్ని కొట్టేవాళ్ళు లేరు" అన్నారు. ఫస్టు ఫారం అంటే ఇప్పటి ఆరో తరగతి. సిక్స్త్ ఫారం అంటే పదకొండో ఏడు, ఎస్సెల్సీ. 1947లో పరీక్ష రాశారంటే ఫస్టు ఫారంలో చేరింది 1941 జూన్. రిజిస్టర్ లెక్క, తాతగారి మాట రెండూ ఒకచోటికే వచ్చాయి. అయినా నేను రాసేటప్పుడు "1941 ప్రాంతంలో" అనే రాస్తాను. ఉత్తర్వు కాగితం కళ్ళతో చూసేదాకా అంతకు మించి అనను.

బీరువా దగ్గర

హెడ్మాస్టరు గారికి దరఖాస్తు రాసి అనుమతి తీసుకోండి. నోటిమాట చాలదు, ఆయన బదిలీ అయితే మీరు మళ్ళీ మొదటికొస్తారు. రిజిస్టర్లు ఇంటికి తీసుకెళ్తామని మాత్రం అడగకండి. అడ్మిషన్ రిజిస్టర్ శాశ్వత రికార్డు, గడప దాటకూడదు. అక్కడే బల్ల మీద పెట్టుకుని ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. పరీక్షల రోజుల్లో, బిల్లుల వారంలో వెళ్ళొద్దు. నా దగ్గరికి మార్చి నెలాఖరులో వచ్చి చరిత్ర అన్నవాళ్ళందరినీ నేను టీ ఇచ్చి పంపేశాను.

ముక్కుకి గుడ్డ కట్టుకోండి. వేలు తడిచేసుకుని పేజీలు తిప్పకండి. పాత బైండు వెన్ను విరిచి బల్లపరుపుగా తెరవకండి, సగం తెరిచి కింద రెండు పుస్తకాలు ఆనించండి. బీరువాలో కలరా ఉండలు వేసి ఉంటే కాసేపు తలుపులు తీసి ఉంచి అప్పుడు కూర్చోండి, లేకపోతే తలనొప్పి ఖాయం. చెద మట్టి కనబడిందంటే ఆ రోజు చరిత్ర మానేసి ముందు చెద సంగతి చూడండి.

తడి విషయం కాస్త వివరంగా చెప్పాలి, డెల్టాలో ఉన్నాం కాబట్టి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమని ఊడ్చేసింది కదండీ. మా ఆఫీసు గది రేకులు లేచి మామిడితోటలో పడ్డాయి. తెల్లారి వెళ్ళేసరికి బీరువాలో చీలమండలదాకా నీళ్ళు, అడుగు అరలో రిజిస్టర్లు ఉబ్బి ఇరుక్కుపోయాయి. కరెంటు లేదు, ఫ్యాను లేదు. ఎండలో పెడదామని అటెండరు అన్నాడు. వద్దన్నాను, ఎండలో పెడితే అప్పడంలా వంకర తిరుగుతుంది. వరండాలో నీడన నవారు మంచం వాల్చి, పేజీల మధ్య పాత దినపత్రికల కాగితాలు పెట్టి, పూటకోసారి అవి మార్చి, తాటాకు విసనకర్రతో విసిరాం. అతుక్కున్న పేజీలని లాగలేదు, ఆరుతున్నకొద్దీ అంచు దగ్గర నుంచి పోస్టుకార్డుతో విడదీశాం. ఇరవై రోజులు పట్టింది. అప్పుడు తెలిసింది, బ్లూ బ్లాక్ ఇంకుతో రాసినవాళ్ళు బతికారు. రాయల్ బ్లూతో రాసినవి నీలం మరకలైపోయాయి. ఒక హెడ్మాస్టరు గారి హయాం నాలుగేళ్ళు మొత్తం రాయల్ బ్లూ. ఆ నాలుగేళ్ళ పిల్లల పేర్లు ఇప్పటికీ భూతద్దం పెట్టి చదవాల్సిందే.

అడ్మిషన్ రిజిస్టర్ కాక ఇంకేం ఉంటాయి? జీతాల ఆక్విటెన్సులు, వాటిలో ప్రతి నెలా ఎవరు పనిచేశారో సంతకంతో సహా దొరుకుతుంది. హెడ్మాస్టర్ల బోర్డు మీద ఇన్‌చార్జిలు ఉండరు, ఆక్విటెన్సులో ఉంటారు. క్యాష్‌బుక్, స్టాకు రిజిస్టరు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు, విజిటర్స్ బుక్కు. కొబ్బరిచెట్లున్న బడి అయితే కాయల వేలం ఫైలు వదలకండి. మా ఫైల్లో తుఫానుకి ముందు పాటకీ తర్వాత పాటకీ తేడా చూస్తే, ఎన్ని చెట్లు కూలాయో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ డబ్బుతోనే సుద్దముక్కలు, గంట తాడు, ఆగస్టు పదిహేనుకి బిళ్ళలు కొన్నాం. సావనీర్లలో దాతల ఫోటోలు వేస్తారు. మా బడికి యాభై ఏళ్ళు ఖర్చులు పెట్టింది ఆ చెట్లు.

ఒక వరుస చదవడం

అడ్మిషన్ రిజిస్టర్‌ని అందరూ పేర్ల కోసం చూస్తారు. మా నాన్నగారు ఉన్నారా, ఫలానా ఎమ్మెల్యేగారు ఉన్నారా అని. మీరు కుడివైపు చివరి గళ్ళు చూడండి. బడి వదిలిన తేదీ, వదిలిన తరగతి, కారణం. బడికి ఎవరొచ్చారో చెప్పడం తేలిక. ఎవరు మధ్యలో వెళ్ళిపోయారు, ఎందుకు, అన్నదే నా దృష్టిలో బడి చరిత్ర.

ఒక వరుస తీసుకుందాం, పేరు చెప్పకుండా. 1957 జూన్‌లో ఆరో తరగతిలో చేరిన ఒక ఆడపిల్ల. తండ్రి వృత్తి వ్యవసాయం, ఊరు ఏటి అవతల లంక, అంటే గోదావరి పాయల మధ్య దిబ్బ. పుట్టిన తేదీ 1-7-1946. ఆ పక్కనే ఇంకో ఆరుగురికి కూడా జూలై ఒకటే. వాళ్ళేం కవల పిల్లలు కాదు. పుట్టిన రోజు తెలియని పిల్లకి అయ్యవారు వయసు చూసి వేసిన తేదీ అది. మన జిల్లాల్లో పెద్దవాళ్ళని అడగండి, సగంమంది "సర్టిఫికెట్లో జూలై ఒకటి, అసలుది అమ్మకే తెలుసు" అంటారు. కాబట్టి రిజిస్టర్‌లో పుట్టిన తేదీ పట్టుకుని ఎవరి శతజయంతీ ఖాయం చేయకండి.

ఆ పిల్ల 1959లో మానేసింది. కారణం గడిలో "వివాహం" అని ఉంది. ఆ రోజుల రిజిస్టర్‌లో ఆడపిల్లల ఎదురుగా ఈ మాట ఎన్నిసార్లుందో లెక్కపెట్టి, బాల్యవివాహాల గురించి ఒక పేరా రాసేశాను. ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగంగారు ఆడపిల్లల బడి పెట్టింది 1874లో, ఎనభై అయిదేళ్ళయినా మన పిల్లలు ఇలా, అని భారీగా ఒక వాక్యం కూడా కలిపాను. తర్వాత ఎందుకైనా మంచిదని ఆవిడ్ని వెతుక్కుంటూ వెళ్ళాను. కొడుకు దగ్గర అమలాపురంలో ఉన్నారు.

"పెళ్ళా? నా పెళ్ళి ఇంకో నాలుగేళ్ళకి కదమ్మా అయింది" అన్నారు ఆవిడ. "మా నాన్న పడవాయనకి ఏడాదికి కుంచెడు గింజలు కొలిచేవాడు, నన్ను రేవు దాటించినందుకు. ఆ ఏడు ఏరొచ్చి లంకలో పైరంతా పోయింది. పడవాయన ఏమీ అనలేదు, ఎక్కమ్మా ఎక్కు అనేవాడు. మా నాన్నకే మొహం చెల్లలేదు. వద్దులే అన్నాడు."

నా పేరా కొట్టేశాను. ఆ కాలపు గుమాస్తా ఎవరో, ఆడపిల్ల మూడు నెలలు రాకపోతే పెళ్ళయిపోయిందనే రాసుకున్నాడు. నేను కూడా ఆ కుర్చీలో కూర్చుని "లాంగ్ ఆబ్సెంట్" అని ఎన్ని వందలసార్లు రాశానో! వెనకున్న కారణం నేనూ అడగలేదు. అందుకని నా నియమం ఇది: కారణం గడిలో ఉన్న మాట పట్టుకుని ఏదైనా నిర్ధారణ చేసేముందు, ఆ మాట ఎదురుగా ఉన్న కనీసం ముగ్గురితో మాట్లాడండి.

ఇంకో రిజిస్టర్ ఉంది, ఎవరూ చూడనిది. సర్టిఫికెట్లు ఇచ్చినప్పుడు సంతకం పెట్టించుకునేది. నేను చేరిన కొత్తలో, తొంభైల్లో, ఏడో తరగతిలో మానేసిన ఆడవాళ్ళు పదిహేనేళ్ళ తర్వాత తిరిగొచ్చేవాళ్ళు. పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ కాగితం కావాలి. కువైట్, మస్కట్, దుబాయ్ ఇంటిపనికి వెళ్ళడానికి. కోనసీమలో ఏ పేట నుంచి ఏ ఏడు ఎంతమంది గల్ఫ్ వెళ్ళారో చూడాలంటే ఆ పుస్తకం తిప్పితే చాలు. బడిలో ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ళు ఊరు వదిలారు, ఏడో తరగతిలో ఆగినవాళ్ళూ ఊరు వదిలారు. సావనీర్‌లో మాత్రం మొదటివాళ్ళ ఫోటోలే వస్తాయి.

ఒక హెచ్చరిక. రిజిస్టర్‌లో కులం గడి, తండ్రి పేరు, పుట్టుమచ్చలు ఉంటాయి. పేజీ ఫోటో తీసి బ్యాచి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒకబ్బాయి సరదాగా పెట్టాడు. సాయంత్రానికి ఒక ఇంట్లో దత్తత సంగతి బయటపడింది. ఇప్పటికీ ఆ అన్నదమ్ములు మాట్లాడుకోరు.

రబ్బరు స్టాంపు చెప్పే తేదీలు

కాగితం మీద తేదీ లేకపోతే ముద్ర చూడండి. బడి పేరు మారినప్పుడల్లా కొత్త స్టాంపు చేయించాలి, ఆ డబ్బుకి వోచరు ఉంటుంది, అందుకే ముద్ర అబద్ధం చెప్పదు. చెప్పినా దొరికిపోతుంది.

"గోదావరి జిల్లా" అని ఒక్కటే ఉంటే 1925కి ముందుది. ఆ ఏడు కృష్ణా జిల్లా నుంచి పశ్చిమ గోదావరి విడిపోయి, మనది తూర్పు గోదావరి అయింది. "డిస్ట్రిక్ట్ బోర్డు హైస్కూల్" అంటే 1959 లోపుది. ఆ నవంబరు నుంచి జిల్లా పరిషత్తులు వచ్చాయి. "తాలూకా" అంటే 1985కి ముందు, "మండలం" అంటే తర్వాత. 2022 ఏప్రిల్ నుంచి ముద్రలో కోనసీమ జిల్లా చేరింది. అటు ఒడ్డున భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి, ఏలూరు విడిగా. ఇవి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. పాత స్టాంపుని అరిగేదాకా వాడే పిసినారి ఆఫీసులున్నాయి కాబట్టి ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ ఒప్పుకోవచ్చు. తర్వాత పుట్టిన పేరు మాత్రం ముందరి కాలంలో రాదు. మాకు ఒక పెద్దమనిషి 1978 నాటిదని తెచ్చిచ్చిన స్థల దాన పత్రం నకలు మీద "మండలం" అని ఉంది. పుట్టబోయే పిల్ల పేరు ఏడేళ్ళ ముందే రాసినట్టు. నేను నవ్వి ఊరుకున్నాను.

స్థలం గొడవ

ఈ భాగం క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే దీంట్లో దిగినవాళ్ళు చరిత్ర పూర్తి చేయరు. బడి స్థలం ఎవరిచ్చారన్న దానికి ప్రతి ఊళ్ళోనూ రెండు కథలుంటాయి. కథలు పక్కన పెట్టి మూడు కాగితాలు చూడండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నకలు, గ్రామ రెవెన్యూ రికార్డులో డైగ్లాట్ అనే పాత భూముల రిజిస్టరు, సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ, అంటే స్థలం కొలతల పటం. దస్తావేజు లేకపోతే "ఫలానావారు ఇచ్చారని చెబుతారు" అని రాయండి, "ఇచ్చారు" అని కాదు. చాలాచోట్ల ఇచ్చింది ఒకరే అయినా చదును చేసింది ఊరంతా. బండ్ల మీద మట్టి తోలినవాళ్ళ పేర్లు దస్తావేజులో ఉండవు, వాళ్ళ మనవల దగ్గర ఉంటాయి.

ఏడు అడగకండి, ఏరు అడగండి

పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి "మీరు ఏ సంవత్సరంలో చదివారండీ?" అంటే తప్పు చెబుతారు. వాళ్ళ తప్పు కాదు, మన ప్రశ్నది. మన డెల్టాలో కాలాన్ని గోదావరితో కొలుస్తారు. "యాభై మూడు వరదకి మీరు బడిలో ఉన్నారా?" అనండి. "ఉన్నాను, సెకండు ఫారం, బడి అరుగుమీదే వారం పడుకున్నాం" అని వచ్చేస్తుంది.

నేను వాడే గుర్తులు ఇవి. 1953 ఆగస్టు వరద. 1972–73లో జై ఆంధ్ర ఉద్యమం, నెలలకి నెలలు చదువులు ఆగిపోయిన ఏడు. 1977 నవంబరు, దివిసీమ ఉప్పెన. మనకి కాస్త దూరమైనా ఆ వార్త విన్న రోజు అందరికీ గుర్తు. 1986 ఆగస్టు వరద, ధవళేశ్వరం దగ్గర ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు, గట్లు తెగి ఊళ్ళు మునిగిన ఏడు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలు దాటి మండింది. ఆ చుట్టుపక్కల పిల్లలు రాత్రిపూట ఆ వెలుగులో లెక్కలు చేశామని ఇప్పటికీ చెబుతారు. 1996 తుఫాను. ఏ సంఘటన చెప్పినా వీటికి ముందా వెనకా అని పెట్టించుకోండి, రిజిస్టర్‌తో సరిచూడండి. పది మందితో మాట్లాడేసరికి తేదీలు వాటంతటవే కుదురుకుంటాయి.

ఎవరితో మాట్లాడాలి? టీచర్లతో, టాపర్లతో ఎలాగూ మాట్లాడతారు. గంట కొట్టిన అటెండరుతో మాట్లాడండి. మధ్యాహ్న భోజనం వండిన ఆడవాళ్ళతో మాట్లాడండి. ఏ రోజు ఏ పిల్ల రెండోసారి అన్నం అడిగిందో వాళ్ళకి తెలుసు. ఈ పథకానికి ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ మన లంకల గన్నవరం ఆవిడే కాబట్టి సావనీర్‌లో ఒక పేజీ ఆవిడకిస్తారు, బాగుంది. ఏళ్ళ తరబడి ఆ పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళకి కూడా అరపేజీ ఇవ్వండి. గేటు బయట జీళ్ళు, రేగొడియాలు, పుల్ల ఐసు అమ్మినవాళ్ళని అడగండి. మా గేటు దగ్గర పిన్నిగారొకరు ముప్పై ఏళ్ళు అమ్మారు. ఎవరి బాకీ ఎంతో ఇప్పటికీ నోటికి చెబుతారు, అందులో ఒక డాక్టరుగారు ఉన్నారు. రేవు నడిపినవాళ్ళని అడగండి. వంతెనలు రాకముందు లంకల పిల్లల హాజరు మొత్తం వాళ్ళ చేతిలోనే ఉండేది. మా పాత హాజరు పట్టీల్లో ఆగస్టు నెల చూస్తే ఏటి అవతల పిల్లల పేర్ల ఎదురుగా వరసగా సున్నాలే.

మాట్లాడటానికి మంచి సమయం కనుమ. హైదరాబాద్, బెంగుళూరు, గల్ఫ్ అందరూ ఆ రోజు ప్రభల తీర్థానికి వస్తారు. పొద్దున్నే పట్టుకోండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరూ నిజాలు చెప్పరు, గొప్పలు చెబుతారు.

ఒక్కరినే కూర్చోబెట్టి అడిగితే జ్ఞాపకం తడబడుతుంది. ఒకే బెంచీ వాళ్ళిద్దర్ని కలపండి, ఒకరు తప్పు చెబితే రెండోవారు "నీ మొహం, అది తెలుగు మాస్టారు కాదు, డ్రిల్లు మాస్టారు" అని సరిచేస్తారు. ఫోన్‌లో రికార్డు చేసేముందు అడగండి. "ఇది రాయకమ్మా" అన్నది రాయకండి.

రాయకమ్మా అనేవి ఎక్కువగా ఒక విషయం మీదే వస్తాయి. ప్రతి సావనీర్‌లోనూ "మన బడిలో కులమత భేదాలు లేకుండా అన్నదమ్ముల్లా" అని ఒక వాక్యం ఉంటుంది. దళితపేట నుంచి వచ్చి చదువుకున్నవాళ్ళని విడిగా కూర్చుని అడగండి, నీళ్ళ కుండ దగ్గర ఎవరు పోస్తే ఎవరు తాగేవాళ్ళో. మా పాత సంపుటంలో మొదటి పేజీల్లో ఆ పేటల పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. ఊళ్ళో హాస్టల్ వచ్చాక పేజీలు మారిపోయాయి. ఈ రెండూ రాయండి. ఆ అన్నదమ్ముల వాక్యం మాత్రం వద్దు. మీకు అభ్యంతరం చెప్పేవాళ్ళు వస్తారు. రిజిస్టర్ నంబరు, పేజీ చూపించండి.

ఫోటోలు

పాత గ్రూపు ఫోటోలు అద్దానికి అతుక్కుపోయి ఉంటాయి, మన తేమకి. ఫ్రేము విప్పి లాగారో, మొహాలు అద్దానికి వెళ్ళిపోతాయి. అద్దం మీదుగానే, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి తీయండి. తర్వాత ట్రేసింగ్ పేపరు వేసి తలకాయలు గీసి నంబర్లు ఇచ్చి, ఆ కాగితం జెరాక్సులు పంచండి. ఫోటో పంచితే అందరూ తమని వెతుక్కుని ఆగిపోతారు. నంబర్లున్న కాగితం ఇస్తే మిగతావాళ్ళ పేర్లు కూడా రాస్తారు. కుర్చీల వరుస పేర్లు తేలిగ్గా దొరుకుతాయి. చివర్న ఒక పక్కగా నిలబడి ఉండే అటెండరు పేరు ఎవరూ రాయరు. ఆక్విటెన్సులో చూడండి.

రాయడం

కాటన్ దొరతో మొదలుపెట్టకండి. 1852కి ఆనకట్ట పూర్తయింది, కాలవలొచ్చాయి, వరి పండింది, ఊళ్ళు బాగుపడ్డాయి, బళ్ళు పెట్టుకున్నాయి. నిజమే, ఒక్క వాక్యం చాలు. నేను చూసిన ఏ సావనీర్‌లోనైనా ఆనకట్టకి రెండు పేజీలు, బడికి ఒకటిన్నర. మీ ఊరికి పిల్లలు ఏ కాలవ గట్టు మీద నడిచి వచ్చారో, ఏ లాకుల దగ్గర వర్షానికి ఆగారో అది రాయండి. పాత పత్రికల్లో మీ బడి వార్త కోసం రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి ఒకసారి వెళ్ళి రండి. భోజనం కట్టుకుని వెళ్ళండి, ఒక పూటలో అయ్యే పని కాదు.

ప్రతి సంగతి పక్కనా అది ఎక్కడ దొరికిందో మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. రిజిస్టరు, పేజీ, లేదా ఎవరు చెప్పారు, ఏ తేదీన. పేర్ల ప్రూఫు ఇద్దరు చూడాలి, ఒకరు పాతవాళ్ళై ఉండాలి. మా స్వర్ణోత్సవం పుస్తకంలో బతికున్న సైన్సు మాస్టారి పేరు ముందు "కీర్తిశేషులు" అని పడింది. ఆయన సభకి వచ్చి, స్టేజీ ఎక్కి, "నా ఆత్మ మాట్లాడుతోంది" అని మొదలుపెట్టారు. అచ్చయ్యాక రెండు కాపీలు బడి బీరువాలో, ఒకటి ఊరి శాఖా గ్రంథాలయంలో పెట్టండి.

తొంభై ఆరు బ్యాచి అబ్బాయి మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ప్లాటినం అన్న మాట తీసేసి "పాత విద్యార్థుల కలయిక" అని ఫ్లెక్సీ మార్పించాడట. రెండు పేజీలు కాదు, ఎన్నయినా పర్లేదన్నాడు. నాకు కావలసింది పేజీలు కాదన్నాను. మా బడి అడ్మిషన్ రిజిస్టర్ మొదటి సంపుటం ఇంకా దొరకలేదు. తుఫానులో పోయిందని ఒక మాట, అంతకు చాలా ముందే ఏదో కోర్టు పనికి ఎవరో తీసుకెళ్ళారని ఇంకో మాట. దాంట్లో 1 నుంచి 612 దాకా నంబర్లుంటాయి. మందపాటి పుస్తకం, రెండో సంపుటంలాగే ఎర్ర గుడ్డ బైండు అయ్యుండాలి. మీ అటక మీదో, తాతగారి పెట్టెలోనో అలాంటిది కనిపిస్తే మా ఆఫీసులో ఇవ్వండి. ఎవరు తీసుకెళ్ళారు, ఇన్నాళ్ళు ఎక్కడుంది అని అడగొద్దని ఇప్పుడున్న గుమాస్తాకి చెప్పి ఉంచాను. రసీదు రాసిస్తాడు. బ్లూ బ్లాక్‌తోనే.